కాన్-తా-మోస్

జూన్ 3, సోమవారం
కర్నూలు ఆస్పత్రి నుంచి వేంపల్లెకు వచ్చేసినాం. పక్షవాతం. నా భార్య రాహేలుకు కుడిచెయ్యి ఆడదు, మాట లేదు. స్పీచ్ థెరపీ మేడం సుచరిత గారు మాటను ముక్కలు చేసి, ముక్కకొక దెబ్బ మంచం పట్టె మీద తట్టమన్నారు. మూడు నెలల్లో రాకపోతే ఆశ పెట్టుకోవద్దన్నారు.

జూన్ 5
అన్-నం. నీ-ళ్లు. తట్టినాను. గోడవైపు తిరిగి పడుకునింది.

జూన్ 9, ఆదివారం, సాయంత్రం
ముక్కలు చెయ్యడం నాకు కొత్త కాదు. నేను లెక్కలు రాసే బండల ఫ్యాక్టరీకి ఒకసారి స్పెయిన్ ఆయన వచ్చిపోయినాడు. మళ్లీ రాలేదు. నాకు మాత్రం స్పానిష్ పట్టుకునింది. ఫోన్ పెట్టుకొని, క్రియలు ముక్కలు చేసి, ఏ ముక్క నొక్కి పలకాలో గీత పెట్టేవాణ్ణి. రాహేలు బియ్యం చెరుగుతా వినేది. ఆ భాష రాదు, అయినా నా తప్పు పట్టేసేది. చర్చిలో కంజిర ఆమెదే. ఎవరు తాళం తప్పినా ఎడమ కనుబొమ్మ ముడిచేది. నడిమిది గట్టిగా నొక్కప్పా, అన్నం తినలేదా అని నవ్వేది.
ఈరోజు ఊరికే కాన్-తా-మోస్ అన్నాను. పాడతాం అని అర్థం.
ఆమె ఎడమచేతి వేలు కదిలింది. మూడు దెబ్బలు.

జూన్ 10
మళ్లీ కదిలింది. మరదలు ప్రసన్నకుమారి గంజి తెచ్చింది. ఏం బావా, ప్రార్థన చేసే టయాన మా అక్కకు దొరల భాష నూరిపోస్తాండావా అనింది. వేలు చూపించినాను. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

జూన్ 13, గురువారం
చివరిముక్క మీద గట్టిగా కొట్టింది. నడిమిది కొట్టాల. సరిచేసినాను. మళ్లీ చివరే కొట్టింది. ఆ వేలు పట్టుకొని నేనే కొట్టించినాను. శానాసేపు. చెయ్యి లాక్కొని దుప్పటి కింద పెట్టుకునింది.

జూన్ 14
కొట్టలేదు.

జూన్ 22
కొట్టలేదు. ఫ్యాక్టరీ లెక్కలు రాయబుద్ధి కాలేదు.

ఆగస్టు 29, గురువారం
కర్నూలు. ఇంక ఇంట్లోనే బాగా చూసుకోండి సార్ అన్నారు మేడం. వేలు పట్టుకొని కొట్టించిన సంగతి చెప్పలేకపోయినాను. కార్లో దారి పొడుగునా రాహేలు కిటికీవైపే చూసింది. ఇన్నేండ్లు నన్ను దిద్దింది. నేను దిద్దింది ఒక్కరోజు.

ఆగస్టు 30
కాన్-తా-మోస్. కావాలనే చివర నొక్కినాను.
ఎడమ కనుబొమ్మ ముడిపడింది.
మళ్లీ తప్పే చెప్పినాను.