పది వేళ్లకు పది రంగులు

సునీతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బోరబండ ఇంట్లో నీ జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టారు. వెళ్లేముందు, మనిద్దరం అద్దం బయటి నుంచే చూసి వచ్చేసే గచ్చిబౌలి మాల్ మేకప్ దుకాణంలోకి ఈసారి లోపలికే వెళ్లాను.

"ఏ రంగు చూపించమంటారు మేడం?" అంది అక్కడి అమ్మాయి.

"వేలికొకటి వెయ్యి" అన్నాను.

ముదురు ఎరుపు నువ్వు బోరబండలో కొనే చవక సీసా కంటే ఆలస్యంగా ఆరింది, అంత పెద్ద కంపెనీ పేరుండి ఏం లాభం. వంకాయ రంగు మాత్రం ఒక్క పూతకే నిండుగా పట్టింది. పెదాలకు రాసినదానికి బెల్లంపాకం వాసన. నువ్వైతే నాలుకతో నాకేసేదానివి.

నర్సులు చేతిగోళ్లకు రంగు వేసుకోకూడదని నువ్వు కాలిగోళ్లకు వేసుకుని సాక్సుల్లో దాచేదానివి. నిన్ను పెట్టెలో పెట్టేముందు, "దేవుని ముందటికి రంగులతోని పోవద్దు" అని పెద్దమ్మ అంటే, ఆ రంగు తుడిచింది నేనే.

ఇవాళ నా చేతులు చూసి పెద్దమ్మే అంది: "ఏందే గీ గోర్లు? ప్రార్థనకు గిట్ల వస్తరా? పోయి తుడుసుకో."

"తుడువ పెద్దమ్మా. ఒక్కసారి తుడిచిన, చాలు."

పాస్టరుగారు చేతులెత్తమన్నారు. పది వేళ్లూ విప్పి, అందరికంటే పైకి ఎత్తాను.