మూత తీసింది నేనే

మహిళా సంఘం పెద్ద రసోవమ్మకు, ఎల్గన్ కొండ కింది నుంచి నలియాక మామగారు ఎవరిచేతా రాయించకుండా సొంతంగా రాస్తున్నది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

సంఘం ఇచ్చిన, గుడ్లు పొదిగే కరెంటు పెట్టెను నా కోడలి దగ్గర్నుంచి తీసేసుకుంటారట. నలభై ఎనిమిది గుడ్లకు పదకొండే పిల్లలయ్యాయని. "మిగతావి ఉగాలీ ముద్దతో నంజుకున్నావా నలియాకా?" అని ఒకావిడ ఎగతాళి కూడా చేసిందట.

అరవై ఏళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. గుడ్డును నలియాకలా చూసుకున్న మనిషిని చూడలేదు. వారం దాటిన గుడ్డు పెట్టలేదు. ప్రతి గుడ్డుకూ ఒకవైపు పెన్సిలు గుర్తు పెట్టి, పద్దెనిమిది రోజులు రోజుకు మూడుసార్లు తిప్పింది. ఆ తర్వాత పెట్టెలోని గిన్నెలో నీళ్లు నింపి, "మావయ్యా, ఈ మూడు రోజులూ మూత ముట్టుకోకండి. లోపలి చెమ్మ పోతే పిల్లలు పెంకుకే అతుక్కుపోతాయి" అంది.

"నువ్వు పుట్టకముందే నేను కోళ్లను పొదిగించాను, పోవమ్మా" అన్నాను.

ఇరవయ్యో రోజు ఆమె చర్చికి వెళ్లినప్పుడు లోపల కిచకిచలు వినబడ్డాయి. ఆగలేక మూత తీశాను. ఒకసారి కాదు, ఐదుసార్లు. సాయం చేద్దామని పెంకులు కూడా ఒలిచాను. చాలా పిల్లలు ఎండిన పొరలో ఇరుక్కుని చచ్చాయి.

ఆమె వచ్చి నా వేళ్లకంటిన పెంకు ముక్కలు చూసింది. చేతులు కడుక్కోడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. మీ సభలో నా పేరెత్తకుండా తనే మాటలు పడింది.

పెట్టె ఆమె దగ్గరే ఉంచండి. ఈ ఉత్తరం సభలో గట్టిగా చదువు. నా భార్య కూడా అక్కడే ఉంటుంది. ఫరవాలేదు, విననీ.