గొంతు పోలేదు

మంగళవారం, ఉప్పల్

నా గొంతు పోయిందట. అమ్మ ఫోన్లో పిన్నికి చెబుతోంది: "పాటలు బందైనయి గదా, పాపం, గందుకే సీరియళ్లు రాస్కుంటుంది." నా గొంతుకేమీ కాలేదు. హిట్టయిన ఆ ఒక్క పాటనే ప్రతి పెళ్లి స్టేజీ మీదా పాడి విసిగి, నేనే మానేశాను. మూడేళ్లుగా చెబుతున్నా ఇంట్లో ఎవరికీ ఎక్కదు.

ఈరోజు నాచారం సెట్‌కు ప్రాంప్టర్ రాలేదు. హీరోయిన్‌ది బెంగళూరు, తెలుగు రాదు. కెమెరా పక్కన నిలబడి, నేను రాసిన డైలాగులు నేనే అందించాను. నా వెంట పలుకుతూ పలుకుతూ ఆ అమ్మాయి గ్లిజరిన్ లేకుండానే ఏడ్చింది. లైట్లు చూసే యాదగిరన్న, "చెల్లె, జర మెల్లగ సెప్పు, నాగ్గూడ ఏడుపొస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. పాడుతున్న రోజుల్లో నా పాటకు ఎవరూ ఏడవలేదు.

ప్యాకప్ అయ్యాక ప్రొడ్యూసర్ పిలిచి, కొత్త సీరియల్‌కు తనతోపాటు నన్నూ నిర్మాతగా పెడతానన్నారు. ఒక్కటే షరతు. "టైటిల్ సాంగ్ నువ్వే పాడాలమ్మా. జనం నిన్ను గుర్తువడ్తరు."

అమ్మకు చెబితే నిర్మాత అన్న మాట వినిపించదు, మళ్లీ పాడుతోందనే పిన్నికి చెబుతుంది. ఇంకెవరికి చెప్పుకోవాలా అని ఫోన్లో పేర్లన్నీ చూశాను. సగం మంది ప్రోగ్రాముల కోసం పిలిచినవాళ్లే. ఫోన్ పక్కన పెట్టేశాను.

నిర్మాతగా పేరు పడకపోతే పడకపోనీ. రేపు ఆయనకు చెబుతాను. కథ రాస్తాను, పాట పాడను.