ఖాళీ చేయమంటూ నాకు నేనే ఇచ్చుకున్న నోటీసు

రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మేనత్త గారి తరఫున నేను ఇచ్చిన నోటీసును నేనే తీసుకోవడానికి నిరాకరించుట, అందుపై తగు ఆదేశములు కోరుట గురించి.

తమ కార్యాలయంలో పోయిన సంవత్సరం రిజిస్టరైన పవర్ ఆఫ్ అటార్నీ ప్రకారం మా మేనత్త గారి మేడ ఇంటికి నేను ఏజెంటును. అదే ఇంటి కింది గదిలో ఇరవై రెండేళ్లుగా దర్జీ దుకాణం నడుపుతున్న అద్దెదారుని కూడా నేనే. ఈ ఇద్దరూ పోయిన నెల వరకు ఒకే ఒంట్లో సఖ్యంగా ఉన్నారు.

1. మేనత్త గారు పొరుగూరిలో కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాళ్లు అరిగి మెట్లు ఎక్కలేరు. సొంతింటికి వచ్చేసి కింది గదిలో ఉంటానని, "ఆ కింద ఉన్నవాణ్ణి ఖాళీ చేయించరా" అని ఫోనులో సెలవిచ్చారు. కింద ఉన్నది నేనే కదత్తా అన్నాను. "అయితే మరీ మంచిది, నీ మాట వింటాడు" అన్నారు.

2. పత్రంలోని మూడో పేరా ప్రకారం ఏజెంటు తన లాభం పక్కనపెట్టి యజమాని మేలే చూడవలెను. కనుక సదరు ఏజెంటునైన నేను పదో తేదీన నోటీసు రాసి, అద్దెదారునైన నాకు స్వయంగా అందజేశాను. చదివితే ఒళ్లు మండింది. అందినట్టు సంతకం పెట్టనన్నాను. అందుచేత దుకాణం తలుపుకు అతికించాను. సాక్షి సంతకం మా ఆవిడ చేసింది. చేస్తూ, "ఇంతకీ నేను ఎవరి పెళ్లాన్నండీ? ఇచ్చినాయనకా, తీసుకోనన్నాయనకా?" అని అడిగింది. దానికి జవాబు చెప్పే అధికారం నా పత్రంలో లేదు.

3. మర్నాడు అద్దెదారు జవాబు రాశాడు. వీధి వీధంతా ఈ గదికే అలవాటు పడిందని, సగం మంది కొలతలు ఇక్కడి గోడ మీదే సుద్దతో ఉన్నాయని మొరపెట్టుకున్నాడు. ఏజెంటు చదివి కళ్లు తుడుచుకున్నాడు గానీ గడువు పెంచలేదు. పెంచితే సొంతమనిషికి చూసీచూడనట్టు వదిలేశాడంటారని భయం.

4. దారి లేక కాదు. మేడ మీది గది ఖాళీగానే ఉంది. మెట్లెక్కలేని గిరాకీలు కొందరు పోయినా, మిషను అక్కడికి మోసుకుపోతే బతికిపోతాను. కానీ యజమాని గదిని ఏజెంటు తనకు తానే అద్దెకిచ్చుకోకూడదట. ఆవిడకు అంతా విప్పి చెప్పి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలని తమ గుమాస్తా గారే చెప్పారు. నాలుగుసార్లు ఫోను చేశాను. "ప్రతిదానికీ నన్నడగడానికైతే నీకా కాగితం ఎందుకు రాసిచ్చానురా?" అని నాలుగుసార్లూ పెట్టేశారు.

5. పైగా కింది గది కిటికీలకు పరదాలు కుట్టమని గుడ్డ పార్సిలు పంపారు. నీలం గుడ్డ, మంచి నేత. నన్ను వెళ్లగొట్టే గదికి పరదాలు కుట్టాల్సింది నేనే. మూడు వారాలైనా కత్తెర పెట్టబుద్ధి కాలేదు. ఇది ఏజెంటు తప్పో, దర్జీ తప్పో తమరే తేల్చాలి.

అయ్యా, ఆవిడ మీద నాకు కోపం లేదు. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించడం నేర్పింది మేనత్తే. ఆవిడ కింది గదిలో సుఖంగా ఉండాలి, నా దుకాణమూ ఉండాలి. నాకు రెండూ కావాలి, అదే నా బాధ.

కావున తాము దయతో గుండ్రని ముద్ర వేసిన కాగితం ఒకటి మేనత్త గారికి పంపి, మేడగది విషయమై ఆవిడ సంతకం తెప్పించవలెను. లోకంలో ఆవిడ భయపడేది ఆ ముద్ర ఒక్కదానికే. అంతవరకు, మంచి మనసుతో పనిచేసే ఏజెంటుకు చట్టం ఇచ్చే రక్షణ నాకు ఇప్పించి, నా మీద నేను దావా వేయకుండా నన్ను కాపాడవలెను.

పై సంగతులు మా ఇద్దరి పక్షాన తీరిక చేసుకుని చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
కింది గది దర్జీ, అద్దెదారు

తమ విధేయుడు,
మేనత్త గారి తరఫున, ఏజెంటు హోదాలో మాత్రమే, సదరు దర్జీ

తా.క.: రిజిస్ట్రారు బాబూ, నేను మేనత్తని. పొద్దున్నే బస్సు దిగి వచ్చేసరికి వీడు ఎవరికో కొలతలు తీస్తున్నాడు. ఈ కాగితం బల్ల మీద ఉంటే చదివాను. ఫోను చేసినప్పుడల్లా "అత్తా, తమరి సమ్మతి కావలెను" అన్నాడు గానీ, మేడ మీది గది కావాలని ఒక్కసారి అనలేదు. అంటే కాదంటానా? గది వీడికే ఇచ్చాను. ఇదే నా ఒప్పుకోలు. మెట్లెక్కలేని వాళ్ల గుడ్డలు కింద కూర్చుని నేను తీసుకుంటాను. వీడికిచ్చిన పవరు మాత్రం ఇవాళ్టితో రద్దు చేసేయండి. నాకు పోయింది మోకాళ్లు, వేళ్లు కాదు. నా సంతకం నేనే పెట్టుకుంటాను. ఇక నా ఫిర్యాదు ఒకటుంది. కిటికీలకు పరదాల్లేక, నేను కాఫీ తాగుతుంటే వీధిలో పోయేవాళ్లంతా పలకరిస్తున్నారు. వీడికి గుండ్రని ముద్రతో ఒక నోటీసు పంపించండి. తీసుకోనంటే తలుపుకి నేనే అతికిస్తాను.