మా సందుకి ఒకటే ఓటు

బెజవాడ

అక్కయ్యకి రత్నం నమస్కారాలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నాకు ఐదో నెల వచ్చింది. వాంతులు తగ్గాయి, బెంగపెట్టుకోవద్దు.

ఆయన పొద్దున్నే బట్టల కొట్టుకి వెళ్తే దీపాలు పెట్టాకే రావడం. ఇక్కడి ఎండకి కొండలు కాగి, రాత్రిళ్లు కూడా గోడలు చల్లారవు. రేషను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే మన పామర్రు అన్నం గుర్తొస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ పచ్చడి పంపు.

మొన్నటిదాకా నీళ్లకే కష్టంగా ఉండేది. కుళాయి పక్క వీధిలో ఉంది. “మా పన్నులతో వేసింది, ముందు మేం పట్టుకోవాలి” అనేవాళ్లు అక్కడివాళ్లు. ఎదురు మాట్లాడటం నాకు రాదని నీకు తెలుసుగా. అందరి వెనకా నిలబడి, బిందె మోసుకొచ్చేదాన్ని.

మునిసిపాలిటీ ఓటు ఇంటిపన్ను కట్టేవాళ్లకేనట. మా సందులో ఇళ్లన్నీ మేం పిన్నిగారని పిలిచే ఒకావిడవి, మేమంతా అద్దెవాళ్లం. అందుకని ఓటు ఆవిడ ఒక్కరికే. భర్త పోయిన మనిషి. ఎవరైనా బయల్దేరుతుంటే ఎదురు రాకుండా తలుపు చాటుకి తప్పుకునేది.

ఎన్నికలొచ్చాయి. ఇప్పుడున్న కౌన్సిలరే మళ్లీ నిలబడి ఓటడగడానికి వచ్చాడు. పిన్నిగారు తలుపు చాటునుంచే కుళాయి సంగతి ఎత్తింది.

“ఒక్క ఓటున్న సందుకి గొట్టాలు ఎలా వేయిస్తామండీ? పక్క వీధివాళ్లు ఊరుకుంటారా?” అన్నాడు.

“సరే నాయనా. ఓట్ల రోజు పొద్దున్నే మీ గుమ్మం ముందుకొస్తాను. మీరు బయల్దేరేటప్పుడు నేనే ఎదురొస్తాను” అంది నెమ్మదిగా.

కౌన్సిలరు మొహం పాలిపోయింది. “అయ్యో, మీకెందుకండీ అంత శ్రమ! కుళాయి సంగతి నేను చూస్తాగా!” అన్నాడు. మేం నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. పిన్నిగారు మాత్రం నవ్వలేదు. “ఈ మొహం ఇందుకు పనికొచ్చింది” అని లోపలికి వెళ్లిపోయింది.

ఓట్లకి ముందే కుళాయి వచ్చింది. కొత్త రాజ్యాంగం ప్రకారం ఇకమీదట దేశమంతా జరిగే పెద్ద ఎన్నికల్లో పన్ను కట్టకపోయినా, వయసొచ్చిన అందరికీ ఓటు ఇస్తారట. “అప్పుడు అద్దెవాళ్ల సందులు కూడా వాళ్ల కంటికి ఆనతాయి” అంటారు మీ మరిది.

కుళాయి తిప్పే రోజు ఆడవాళ్లందరం బిందెలతో చేరాం. పిన్నిగారు అరుగు దిగలేదు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

“కడుపుతో ఉన్నదానివి, నాతో వద్దే పిల్లా” అంది.

నా బిందె కింద పెట్టి, ఆవిడ చేతిని కుళాయి మీద ఉంచాను. ఆవిడే తిప్పింది.

అమ్మకి ఈ సంగతి నువ్వే మెల్లగా చెప్పు. కంగారుపడితే, ఆ నీళ్లు తాగే బిడ్డ లోపల హాయిగా కదులుతోందని చెప్పు.

నాన్నగారికీ, మీ అత్తగారికీ నా దణ్ణాలు. పిల్లలకి ముద్దులు. మీ పెద్దలందరి దీవెనా నా మీద ఉండనివ్వండి.

నీ చెల్లెలు
రత్నం