ఇని ఎక్కడుంది?

ఆక్స్‌నార్డ్, ఆదివారం

ప్రేమగల ఫిదెన్సియో గారికి,

మీ ఎర్మెలిందా రాసేది. మీరు పనికి వెళ్ళిన చోటికి ఫోను చేసి మాట్లాడితే అత్తయ్యా, పక్కగది వాళ్ళూ అందరూ వింటారు. పైగా మీ గొంతు వినగానే నాకు మాటలు రావు. అందుకే ఈ కాగితం.

అత్తయ్యకు జబ్బు చేసిందని ఊరికి వెళ్ళే బస్సెక్కించమన్నారు. నేను ఎక్కించడం లేదు. కోప్పడకుండా చివరిదాకా చదవండి.

స్ట్రాబెర్రీ చాళ్ళలో ఆవిడ కూలబడిన రోజు అదృష్టంకొద్దీ ఆసుపత్రి వ్యాను తోట పక్కనే ఆగి ఉంది. అందులో మరీసోల్ అనే నర్సు "ఎక్కడమ్మా నొప్పి?" అని స్పానిష్‌లో అడిగింది. అత్తయ్య మన ఊరి మాటలో "ఇని" అంది. బడిలో నాకు నేర్పినట్టు నేను దాన్ని స్పానిష్‌లో "గుండె" అని చెప్పాను. పాపం, ఆసుపత్రికి తీసుకుపోయి ఛాతీ నిండా తీగలు అంటించి చూశారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. ఇంటికొచ్చి బీన్సు తిందో లేదో, మళ్ళీ మెలికలు తిరిగిపోయింది.

అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. మనం గుండెనూ ఇని అంటాం, కడుపునూ ఇని అంటాం, దిగులు పడినా ఇని నొప్పే. ఇన్నేళ్ళూ ఇది నాకు తట్టనేలేదు. ఆవిడకు నొప్పి ఏ ఇనిలో?

ఇంకో వింత వినండి. ఆ ఆసుపత్రికి యజమాని లేడట! "మరి లాభం ఎవరిది?" అని మరీసోల్‌ను అడిగాను. నేనే అడిగాను, నమ్మండి. "ఎవరి జేబులోకీ పోదమ్మా. మిగిలింది మళ్ళీ వైద్యానికే. ఈ వ్యాను అలా వచ్చిందే. మీలాంటి వాళ్ళకు బిల్లు కూడా మాఫీ చేస్తారు" అంది.

అత్తయ్యకు చెబితే, "యజమాని లేడా? అయితే కోపమొస్తే ఎవర్ని తిట్టాలే? ఊరికే వైద్యం చేసేవాళ్ళను నేను నమ్మను. నేను రాను పో!" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మీరు నలుగురిలో "మా ఆవిడకు నోరు లేదు" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ మాట నాకు ఇనిలో తగులుతుంది. ఏ ఇనిలోనో అడక్కండి. రేపు అత్తయ్యను మళ్ళీ తీసుకెళ్ళి, నేను చెప్పింది తప్పని ఒప్పుకోవాలి.

మీ
ఎర్మెలిందా


ఆక్స్‌నార్డ్, శనివారం

ప్రేమగల ఫిదెన్సియో గారికి,

కంగారు పడకండి. అత్తయ్య లేచి కూర్చుని రొట్టె బాగా కాల్చలేదని నన్ను తిడుతోంది.

ఆ రోజు ఆవిడను కదిలించింది నా తెలివి కాదు, ఒక్క మాట. "అత్తయ్యా, మన ఊళ్ళో దారి వేస్తే అది ఎవరిది?" అని అడిగాను. "ఎవరిదేమిటే? ఇంటికొకరు తెకియోకు, ఊరి ఉమ్మడి పనికి, వెళ్ళి వేసుకుంటాం, అందరిదీ" అంది. "ఇదీ అలాంటిదే" అన్నాను. ఆవిడ లేచి శాలువా కప్పుకుంది. "అయితే మన ఇంటి వంతు పని ఎవరు చేస్తారు?" అంది.

ఆసుపత్రిలో నేను మరీసోల్‌తో, "గుండె అన్నది నా పొరపాటు, మా మాటలో లోపలిదంతా ఇనియే" అన్నాను. ఆమె నవ్వలేదు. "అవునా? అయితే చూపించు" అంది. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఛాతీ నుంచి కిందికి మెల్లగా జరిపాను. కుడివైపు పక్కటెముకల కింద ఆగగానే ఆవిడ "అక్కడే! అక్కడే, నీ చెయ్యి విరగ!" అని అరిచింది. పిత్తాశయంలో రాళ్ళట. ఇంకొన్నాళ్ళు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదన్నారు. బస్సులో అయితే ఏమయ్యేదో తలుచుకోలేను. మర్నాడే ఆపరేషన్ చేశారు.

మన మాట తెలిసినవాళ్ళు లేక చాలామంది ఇలా ఇబ్బంది పడుతున్నారట. "వాళ్ళ మాట మాకు స్పానిష్‌లో చెప్పే పని చేస్తావా? నేర్పిస్తాం, జీతమూ ఇస్తాం" అంది మరీసోల్. నేను ఎప్పటిలా నేల చూశాను. మిమ్మల్ని అడగాలని చెప్పబోయాను. మంచం మీంచి అత్తయ్య అందుకుంది.

"మన ఇంటి వంతు ఇదేనే పిల్లా! చేస్తానని చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు ఆవిడకు. నీకు నోరు లేదన్న నా కొడుకు వచ్చాక వాడి ఇని కూడా చూడమను. అక్కడా ఒక రాయి ఉండే ఉంటుంది."

ఉన్నదున్నట్టు చెప్పాను. మరీసోల్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. సోమవారం నుంచి వెళ్తున్నాను.

మీరు త్వరగా రండి.

నోరున్న మీ
ఎర్మెలిందా