మూడు చుట్ల ముడి

ఏప్రిల్ 3

హోటల్ వాళ్ల రగ్గు పూర్తయింది. పాత సీసాలు కరిగించి తీసిన ప్లాస్టిక్ దారంతో నేసింది, స్విమ్మింగ్ పూల్ పక్కన ఆరుబయట పరుచుకోవడానికి. ఎండకీ వానకీ చెక్కుచెదరదని సూపర్‌వైజర్ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నేసేది మేం, గొప్పలు ఆయనవి.

మగ్గానికి కుడివైపు మా వదిన, ఎడమవైపు నేను. దారం మోసే నాడె ఆమె విసిరితే నేను పట్టుకుంటాను, నేను విసిరితే ఆమె. చివర్న ఎవరి మూల వాళ్లం ముడి వేస్తాం. వదినది రెండు చుట్లు, నాది మూడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

దారం అంత బిగించకు, ఎండలో దానికి ఊపిరాడాలి అని వదిన ఇవాళ కూడా అంది. ఇరవై ఏళ్లుగా నేస్తోంది, చెప్పకుండా ఉండలేదు. నా చెయ్యి నా ఇష్టం అనుకున్నాను.

ఏప్రిల్ 5, సాయంత్రం

రగ్గుని పరీక్షకని నీళ్లు పోసి రెండు రోజులు ఎండలో ఉంచారు. ఒక మూల కుక్క చెవిలా లేచి కూర్చుంది. మళ్లీ నీళ్లు చల్లి, బరువు పెట్టినా దిగలేదు. సూపర్‌వైజర్ అటూ ఇటూ చూసి, కుడి మూల కదా, ఎవరిదమ్మా అని అడిగాడు. వదిన వంగి మూల తడిమింది. నా వైపు ఒకసారి చూసి లేచి నిలబడింది. ఆమె మణికట్టు నొప్పి సంగతి అందరికీ తెలుసు. రేపటి నుంచి నాడెలో పెట్టే దారం కండెలు చుట్టే గదికి వెళ్లమన్నాడు.

ఆ గదికి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ మగ్గం ఎక్కలేదు.

నాకు బాధేసింది. నాది కానందుకు కొంచెం హాయిగానూ ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధమెందుకు.

ఏప్రిల్ 6

వదిన చోట కొత్తావిడ. నాడె రెండుసార్లు నా మోకాలికి తగిలింది.

ఏప్రిల్ 9

అన్నయ్య పక్కకు పిలిచి, మీ వదిన సరిగ్గా తినడం లేదే, పనిలో ఏమైనా అయిందా అని అడిగాడు. చెయ్యి నొప్పి అయ్యుంటుంది అన్నాను.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం

పాడైన రగ్గు విప్పి దారం వేరు చెయ్యమని నాకే ఇచ్చారు. లేచిన మూల నుంచి మొదలుపెట్టబోయాను. ముడి తగిలింది. మూడు చుట్లు. మళ్లీ లెక్కపెట్టాను. మూడే.

మా రగ్గులకి రెండు వైపులా ఒకటే ముఖం. తిరగేసి ఆరబెట్టారు, అంతే. నా ఎడమ మూల వెళ్లి కుడివైపు చేరింది. బిగించింది నేను, చెడగొట్టింది నేను.

గోడౌన్లో ఎవరూ లేరు. ముడి కత్తిరించి కొంగులో దాచి తెచ్చాను. రగ్గు రేపు విప్పుతానని చెప్పి వచ్చేశాను. ముడిని ఈ పేజీకి పిన్నుతో గుచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు.

తెలుసు. ఎవరికీ దొరక్కూడదని.

ఏప్రిల్ 12

రగ్గూ విప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 13

వదిన చుట్టిన కండె నా చేతికొచ్చింది. ఎక్కడా ఒక్క పోగు ఎగుడుదిగుడు లేదు. సిగ్గుతో చచ్చాను.

ఏప్రిల్ 14, ఉదయం పది

ముడి సూపర్‌వైజర్ టేబుల్ మీద పెట్టి జరిగింది చెప్పాను. రగ్గు తెప్పించి, తెగిన చోట ఆనించి చూశాడు. సరిపోయింది. వదిన మగ్గానికి, నేను కండెలకి. సరే సార్ అన్నాను.

సాయంత్రం

వదినకి చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె బియ్యం ఏరుతూ, ఆ రోజే తడిమి చూశాను, మూడు చుట్లు వేలికి తెలియవా అంది. మరి అప్పుడే ఎందుకు అనలేదు వదినా అంటే, నీకూ తెలుసనుకున్నాను, నువ్వే చెబుతావని చూశాను, తొమ్మిది రోజులు పట్టింది నీకు అంది.

నాకు తెలిసి మూడు రోజులే అయిందని చెప్పబోయి ఊరుకున్నాను.

ఏప్రిల్ 16

దారం బిగించకుండా చుట్టాను. వదిన వచ్చి కండెని బొటనవేలితో నొక్కి చూసి, తన మగ్గానికి తీసుకెళ్లింది.